షెఫీల్డ్ పార్క్ హిల్: కొండవాలు మీద కౌన్సిల్ ఇళ్లు, తప్పంతా డెక్కులదేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. షెఫీల్డ్‌లో ప్లానింగ్ చదువుతున్నారు. రైల్వే స్టేషన్ వెనక కొండ మీద పాములా మెలికలు తిరిగి కనిపించే పార్క్ హిల్ అనే ఇళ్ల సముదాయం (ఎస్టేట్) మీద డిసర్టేషన్ రాయాలనుకుంటున్నారు. క్లాసులో "ఆకాశంలో వీధులు కట్టాలన్న ఆలోచనే తప్పు, అందుకే ఆ ఎస్టేట్ చెడింది" అన్నారు. అది ఎంతవరకు నిజం, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇంగ్లండ్‌లో కౌన్సిల్ ఇళ్లు (అక్కడి మునిసిపాలిటీ అయిన కౌన్సిల్ కట్టి అద్దెకిచ్చేవి) ఫైలు దగ్గర్నుంచి తాళంచెవి చేతికిచ్చే దాకా ఎలా నడిచేవి, హైదరాబాద్ దగ్గర కొల్లూరులో ప్రభుత్వం కట్టిన డబుల్ బెడ్‌రూమ్ బ్లాకులకి ఇందులో పనికొచ్చేది ఏమైనా ఉందా అని అడిగారు.

నేను కాకినాడలో సివిల్ చదివి, ఉత్తర ఇంగ్లండ్‌లో కౌన్సిల్ ఇళ్ల రిపేర్ల విభాగంలో సర్వేయరుగా చేసి రిటైరయినవాణ్ణి. పార్క్ హిల్‌లో ఉద్యోగం చెయ్యలేదు గానీ, దాని తర్వాతి తరం బ్లాకుల్లో తిరగని మెట్లు లేవు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. డెక్కుల్లో, అంటే పై అంతస్తుల్లో ఇళ్ల ముందు వీధిలా సాగే వెడల్పాటి నడవల్లో, లోపాలు లేకపోలేదు, వాటి సంగతికి తర్వాత వస్తాను. కానీ ఒకే పెద్ద ఆర్కిటెక్టు చేతి మీదుగా, ఒకే ఆలోచనతో వచ్చిన మూడు ఎస్టేట్లు మూడు రకాలుగా తేలాయి. ఆలోచనే దోషమైతే మూడింటి గతీ ఒకటే కావాలి కదా. తేడా వేరేచోట వెతకాలి: నేల వాలులో, కట్టిన పద్ధతిలో, ఎవరిని ఎవరి పక్కన ఉంచారన్నదాంట్లో. అన్నిటికంటే ముఖ్యంగా, కట్టాక దశాబ్దాల పాటు రిపేర్ల డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందన్న లెక్కలో.

ముందు అవసరం సంగతి. షెఫీల్డ్ స్టేషన్ పక్క కొండవాలంతా పందొమ్మిదో శతాబ్దంలో కట్టిన ఇళ్లు. వెనక గోడకి వెనక గోడ ఆనించి, గాలి ఒక్కవైపునుంచే వచ్చేలా వరసలు వరసలుగా వేసినవి. నీళ్ల కుళాయి, మరుగుదొడ్డి నాలుగైదు కొంపలకి కలిపి పెరట్లో ఉండేవి. గొడవలు, గ్యాంగుల కారణంగా ఆ పేటకి 'లిటిల్ షికాగో' అని పేరు పడింది. 1930 హౌసింగ్ చట్టం వచ్చాక కౌన్సిల్ అక్కడ కూల్చడం మొదలెట్టింది, ఇంతలో యుద్ధం వచ్చి ఆగిపోయింది. 1940 డిసెంబరు 12, 15 రాత్రుల్లో జర్మన్ విమానాలు షెఫీల్డ్ మీద బాంబులు వేశాయి. ఆ రెండు రాత్రుల్లో 600 మందికి పైగా చనిపోయారు, వేల ఇళ్లు పోయాయి. యుద్ధం ముగిసేసరికి పాత మురికివాడ సగం కూలి సగం నిలిచి ఉంది, వెయిటింగ్ లిస్టు చాంతాడంత.

ఊరు పక్కకి పెరగొచ్చుగా అంటారేమో. పడమర కొండలు. అటు పీక్ డిస్ట్రిక్ట్, 1951లో బ్రిటన్‌లోకెల్లా మొదటి నేషనల్ పార్కుగా ప్రకటించారు. ఊరి చుట్టూ యుద్ధానికి ముందే గ్రీన్ బెల్ట్, అంటే ఇళ్లు కట్టకుండా వదిలేసే పచ్చటి పట్టీ, గీసుకున్నారు. డాన్ నది లోయంతా ఉక్కు కర్మాగారాలు. కాబట్టి ఊరి నడిబొడ్డున ఖాళీ అవుతున్న కొండవాలు మీద, ఫ్యాక్టరీలకీ బజారుకీ నడిచిపోయే దూరంలో, ఎక్కువమందిని పట్టించాలి. ఎత్తుగా కట్టాలన్న పట్టుదల ఆర్కిటెక్టుల ఫ్యాషను ఒక్కటే కాదు. స్థలం అలా తోసింది.

ఇక ఫైలు నడక. మన దగ్గర కలెక్టర్ ఆఫీసు చేసే పని అక్కడ మెడికల్ ఆఫీసరుతో మొదలయ్యేది. మునిసిపల్ వైద్యాధికారి ఇల్లిల్లూ చూసి "ఇది మనుషులు ఉండటానికి పనికిరాదు" అని రిపోర్టు రాస్తే, కౌన్సిల్ ఆ పేటని 'క్లియరెన్స్ ఏరియా'గా ప్రకటించేది. తర్వాత నిర్బంధ కొనుగోలు ఉత్తర్వు. యజమానులు అభ్యంతరం చెబితే బహిరంగ విచారణ, ఆ పైన మంత్రి ఆమోదం. పనికిరాదని తేలిన ఇంటికి పరిహారం సాధారణంగా నేల విలువ మాత్రమే, కట్టడానికి పైసా రాదు. అద్దెల మీద బతికే చిన్న యజమానులు దీని మీద గింజుకున్నారు. కానీ ఈ నిబంధనే లేకపోతే ఏ కౌన్సిలూ ఊరి మధ్య నేల కొనగలిగేది కాదు.

కట్టేది అప్పుతో, ఆ అప్పు తీర్చే డబ్బు మూడు వైపులనుంచి వచ్చేది. కౌన్సిల్ సాధారణంగా అరవై ఏళ్ల గడువుతో అప్పు తెచ్చేది. దాని మీద ఏటా ఇంటికి ఇంత అని కేంద్ర ప్రభుత్వ సబ్సిడీ. కొంత స్థానిక ఇంటిపన్నులోంచి. మిగిలింది అద్దె. ఈ అరవై ఏళ్ల సంగతి గుర్తుంచుకోండి, కథ చివర అది మళ్లీ తగులుతుంది.

రాజకీయం కూడా రెండు మాటల్లో చెప్పాలి. 1945లో లేబర్ ప్రభుత్వం వచ్చాక ఇళ్ల శాఖ ఆరోగ్య మంత్రి అన్యూరిన్ బెవాన్ చేతిలో ఉండేది. ఆయనకి సంఖ్య కన్నా ఇంటి నాణ్యత మీద పట్టు ఎక్కువ. మూడు బెడ్‌రూముల ఇంటికి 900 చదరపు అడుగులు, కింద ఒకటి పైన ఒకటి మరుగుదొడ్డి ఉండాలన్నాడు. కౌన్సిల్ ఇళ్లు కూలివాళ్లకే అన్న నిబంధనని 1949 చట్టంలో తీయించేశాడు, డాక్టరూ కిరాణా కొట్టాయనా కూలీ ఒకే వీధిలో ఉండాలని ఆయన కోరిక. 1951లో కన్సర్వేటివ్‌లు గెలిచాక హెరాల్డ్ మాక్‌మిలన్ ఏడాదికి 3 లక్షల ఇళ్లు అన్నాడు, 1953లో కొట్టి చూపించాడు కూడా, ఇంటి కొలతలు కాస్త కుదించి. 1956లో మరో మెలిక వచ్చింది. ఆ ఏటి సబ్సిడీ చట్టం ప్రకారం నాలుగంతస్తుల బ్లాకులో ఫ్లాటుకి ఏడాదికి 32 పౌన్లు, ఆరంతస్తులైతే 50 పౌన్లు, ఆ పైన ప్రతి అంతస్తుకీ ఇంకో పౌను 15 షిల్లింగులు. అంటే ఎత్తుకి వెళ్లేకొద్దీ ఢిల్లీ ఎక్కువ డబ్బు పంపుతుందన్నట్టే, ఢిల్లీ బదులు లండన్. అరవైల్లో ఊరూరా టవర్లు మొలిచాయంటే ఈ లెక్క చూడకుండా అర్థం చేసుకోలేం. ఎత్తుకి ఇచ్చే ఈ అదనాన్ని 1967లో తీసేశారు. పార్క్ హిల్ నమూనా మాత్రం ఆ చట్టానికి ముందే ఖరారైంది, కాబట్టి దాని ఎత్తుకి ఈ సబ్సిడీని కారణంగా చూపించకండి. చాలా వ్యాసాల్లో రెండూ కలిపేస్తారు.

1953లో జె. లూయిస్ వోమర్స్‌లీ షెఫీల్డ్ సిటీ ఆర్కిటెక్టుగా వచ్చాడు. తన ఆఫీసులో జాక్ లిన్, ఐవర్ స్మిత్ అనే ఇద్దరు కుర్ర ఆర్కిటెక్టులకి ఈ పని అప్పగించాడు. వాళ్ల కళ్ల ముందు రెండు నమూనాలు ఉన్నాయి. ఒకటి ఫ్రాన్సులో మార్సెయ్‌లో లె కార్బూజియే అనే ఆర్కిటెక్టు అప్పుడే పూర్తి చేసిన పెద్ద బ్లాకు. రెండోది లండన్‌లో గోల్డెన్ లేన్ ఇళ్ల డిజైను పోటీకి ఆర్కిటెక్టులైన స్మిత్‌సన్ దంపతులు గీసి, గెలవకుండా మిగిలిపోయిన డిజైను. ఇంటి ముందు వీధిని పైకి ఎత్తడమన్నది ఆ రెండో దాంట్లోనిది. మార్సెయ్‌లో కారిడార్ భవనం కడుపులో చీకట్లో ఉంటుంది, వీళ్లు దాన్ని బయటి గోడకి తెచ్చి ఆకాశానికి తెరిచారు. 1954లో కౌన్సిల్ కమిటీవాళ్లు యూరప్‌లో ఎత్తైన ఇళ్లు చూడటానికి ఒక బృందంగా వెళ్లొచ్చారు. మన కార్పొరేటర్ల స్టడీ టూర్ లాంటిదే అనుకోకండి, వీళ్లు తిరిగొచ్చి రిపోర్టు అచ్చు వేశారు. లిఫ్టులు, చెత్త, వేడి నీళ్లు, అద్దె వసూలు అన్నీ రాశారు.

ఇప్పుడు అసలు విషయం, సెక్షన్ డ్రాయింగు, అంటే భవనాన్ని నిలువుగా కోస్తే లోపల కనిపించేది. పార్క్ హిల్ గురించి ఒక్క కాగితమే చూసే వీలుంటే ఇదే చూడండి.

మూడంతస్తుల ఎత్తు, మూడు బేల (కాలమ్‌కీ కాలమ్‌కీ మధ్య ఖాళీ ఒక బే) వెడల్పు ఉన్న ఒక గడిని తీసుకోండి. దాని నడిమి అంతస్తులో బయటివైపు డెక్కు, దాదాపు 3 మీటర్ల వెడల్పు. ఆ డెక్కు మీద నాలుగు ఇళ్లకి తలుపులుంటాయి. రెండు తలుపులు తీసి కిందికి దిగితే డెక్కు కింది అంతస్తులో ఒక బెడ్‌రూము ఫ్లాటు, రెండు బెడ్‌రూముల ఫ్లాటు. మిగతా రెండు తలుపులు తీస్తే డెక్కు మట్టంలోనే ఇంట్లో అడుగుపెట్టి, లోపలి మెట్లెక్కి పై అంతస్తులోకి వెళ్లే మెజొనెట్లు, రెండు, మూడు బెడ్‌రూములవి. అంటే మూడంతస్తులకి ఒకే డెక్కు చాలు. లిఫ్టు కూడా మూడంతస్తులకోసారి ఆగితే చాలు. అంతస్తుల్లో బిగించే లిఫ్టు తలుపులు మూడో వంతుకి దిగుతాయి, వాటి రిపేరూ ఆ మేరకు తగ్గుతుంది. పైగా డెక్కు లేని రెండంతస్తుల్లో ఇల్లు భవనం ముందు గోడ నుంచి వెనక గోడ దాకా పరుచుకుంటుంది, రెండువైపులా కిటికీలు, అడ్డంగా గాలి. పాత పేటలో ఒక్కవైపు గాలితో బతికినవాళ్లకి ఇది ఎంత మార్పో ఊహించండి. అన్ని ఇళ్లకీ సొంత బాల్కనీ. వంటిల్లు, బాత్‌రూము పైపులన్నీ ఒకదాని మీద ఒకటి నిలువుగా వచ్చేలా మెట్ల చుట్టూ పేర్చారు. ప్లంబరు అయినవాడు ఆ డ్రాయింగు చూస్తే దండం పెడతాడు.

ఈ గడినే వందలసార్లు పేర్చుకుంటూ పోతే 995 ఇళ్లయ్యాయి. ఒకే గడి తిరగేసి తిరగేసి వేశారు గనకే ఆ ఖర్చులో అయింది.

రెండో తెలివి నేల వాలుతో ఆడిన ఆట. కొండ దక్షిణం వైపు ఎత్తు, ఉత్తరం వైపు పల్లం. కప్పు మట్టాన్ని మొత్తం ఎస్టేట్ అంతా ఒకే గీతలో పెట్టారు. కింద నేల దిగిపోతూ ఉంటే దక్షిణాన నాలుగంతస్తులున్న భవనం ఉత్తరం కొసకి వచ్చేసరికి పదమూడు అంతస్తులైంది. దీనివల్ల జరిగిందేమిటంటే, అన్నిటికన్నా పైది తప్ప ఏ డెక్కు మీదైనా సాఫీగా నడుచుకుంటూ దక్షిణానికి పోతే ఎక్కడో ఒకచోట అదే నేలకి తగులుతుంది. మెట్లు లేవు, లిఫ్టు లేదు. పాలబండి నేల మీద నుంచి నేరుగా డెక్కెక్కి గడపగడపకీ పాలు వేసుకుంటూ పోయేది. పాత ఫొటోల్లో అది కనిపిస్తుంది, కల్పన కాదు. బ్లాకులు మెలిక తిరిగే చోట లంబకోణం కాకుండా 112 నుంచి 135 డిగ్రీల మధ్య కోణాల్లో విరిచారు, వాటిని వంతెనలతో కలిపారు. ఈ చివర ఎక్కినవాడు వాన తగలకుండా ఆ చివర దిగొచ్చు.

మీ ప్రొఫెసరుగారు "ఆకాశంలో వీధి" అన్నప్పుడు ఈ వాలు సంగతి చెప్పారో లేదో అడగండి. చదునైన నేల మీద అదే డెక్కు పెడితే ఆరో అంతస్తు డెక్కు ఎప్పటికీ నేల చూడదు. లిఫ్టు ఆగిపోయిందంటే అది వీధి కాదు, వేలాడుతున్న వసారా.

కట్టడం 1957లో మొదలై 1961లో ముగిసింది. మొదటి కుటుంబాలు 1959లోనే దిగాయి. ప్రారంభోత్సవం అప్పటి లేబర్ నాయకుడు హ్యూ గేట్స్‌కెల్ చేశాడు. ప్రైవేటు కాంట్రాక్టరు కాకుండా కౌన్సిల్ సొంత పబ్లిక్ వర్క్స్ విభాగమే కట్టింది, స్ట్రక్చరల్ డిజైను ఓవ్ ఆరప్ కంపెనీది. కాలమ్‌లు, బీమ్‌లు, స్లాబులు సైటులోనే సెంట్రింగు కొట్టి పోసిన కాంక్రీటు. చెక్కల ముద్రలు ఇప్పటికీ కొన్ని చోట్ల కనిపిస్తాయి. ఫ్రేము మధ్య ఖాళీల్లో ఇటుక. ఆ ఇటుక రంగు కింద ముదురు ఊదా, పైకి పోయేకొద్దీ ఎరుపు, చివరికి లేత మీగడ రంగు. దూరంనుంచి చూస్తే పైభాగం తేలికైనట్టు అనిపిస్తుంది.

చెత్తకి గార్షే పద్ధతి పెట్టారు. ఇది ఫ్రాన్సులో పుట్టింది, లీడ్స్‌లో క్వారీ హిల్ ఫ్లాట్లలో 1930ల్లోనే వాడారు. వంటింటి సింకు కింద వెడల్పాటి గొట్టం ఉంటుంది. తొక్కలు, టీ పొడి, చిన్న డబ్బాలు అందులో వేసి నీళ్లు వదిలితే కిందికి కొట్టుకుపోయి, కేంద్ర స్టేషనుకి చేరి, నీళ్లు పిండేశాక కాలిపోతుంది. ఆ వేడి ఎస్టేట్ అంతటికీ ఇళ్లు వెచ్చబెట్టే వ్యవస్థకి సాయం. కాగితం మీద అద్భుతం. కానీ 1955లో వంటింట్లో పుట్టే చెత్త వేరు, 1985లో ప్లాస్టిక్ సీసాలూ అట్టపెట్టెలూ వేరు. ఏ యంత్రాన్నయినా ఆనాటి చెత్తకి కొలిచి బిగిస్తే ముప్పై ఏళ్లకి ఇబ్బందే. కట్టేవాళ్లు ఆలోచించని సంగతుల్లో ఇదొకటి.

ఇళ్లు పూర్తయ్యాక తాళాలు ఎలా ఇచ్చారో చూడండి, నా దృష్టిలో ఇది డిజైనుకేం తీసిపోదు. పాత పేటలో పక్కపక్కన ఉన్న కుటుంబాలకి వీలైనంత వరకు పక్కపక్కన ఇళ్లు ఇచ్చారు. డెక్కులకి పాత వీధుల పేర్లే పెట్టారు: గిల్బర్ట్ రో, లాంగ్ హెన్రీ రో, హేగ్ రో, నార్విచ్ రో. ఎస్టేట్ లోపలే దుకాణాలు, బడి, నాలుగు పబ్బులు. అక్కడే ఉండే కేర్‌టేకర్లు. అద్దెదారుల సంఘం తొందరగానే ఏర్పడింది. కొల్లూరు గురించి మీరు అడిగిన దానికి నాకు తోచే మొదటి మాట ఇదే. 2023లో అక్కడ 15,660 ఇళ్లు ఒకేసారి సిద్ధమయ్యాయి. లబ్ధిదారులను కంప్యూటర్ డ్రా తీసి ఎంపిక చేశారు. లాటరీ న్యాయంగా ఉంటుంది, పైరవీలకి తావుండదు, అది ఒప్పుకుంటాను. కానీ ఒకే బస్తీ నుంచి వచ్చిన పది కుటుంబాలు పది బ్లాకుల్లోకి చెదిరిపోతే, మెట్ల మీద బల్బు పోయినప్పుడు ఎవరు ఎవరిని పిలుస్తారు? డ్రా వ్యక్తికి కాకుండా గుంపుకి తియ్యడం కష్టమేం కాదు.

దాదాపు మొదటి పదిహేనేళ్లు పార్క్ హిల్ బాగానే నడిచింది. విదేశాలనుంచి జనం చూడ్డానికి వచ్చేవారు. 1962లో షెఫీల్డ్ కమిటీ తమ పదేళ్ల ఇళ్ల పని మీద వేసిన పుస్తకం ఇంగ్లీషుతో పాటు ఫ్రెంచిలో, రష్యన్‌లో కూడా ఉందంటే వాళ్ల ధీమా అర్థం చేసుకోండి.

ఇప్పుడు నేను చెప్పిన మూడు ఎస్టేట్ల పోలిక. పార్క్ హిల్ పక్కనే, ఇంకా పైకి కొండ మీద, అదే ఆఫీసు హైడ్ పార్క్ కట్టింది, 1966కి పూర్తయింది. ఇంకా ఎత్తు, ఇంకా గాలి, నేలకి ఇంకా దూరం. అందులో చాలా భాగాన్ని తొంభైల మొదట్లో కూల్చేశారు. మిగిలిన బ్లాకులకి మెరుగులు దిద్ది 1991 వరల్డ్ స్టూడెంట్ గేమ్స్ క్రీడాకారులకి బసగా వాడారు. మూడోది మాంచెస్టర్‌లోని హ్యూమ్. వోమర్స్‌లీ 1964లో షెఫీల్డ్ వదిలి హ్యూ విల్సన్‌తో కలిసి ప్రైవేటు ప్రాక్టీసు పెట్టాక గీసినవి హ్యూమ్ క్రెసెంట్లు. అర్ధచంద్రాకారంలో నాలుగు పెద్ద బ్లాకులు. హ్యూమ్ మొత్తంలో డెక్కుల ఇళ్లు 3,284. నేల చదును. ఫ్యాక్టరీలో పోసిన కాంక్రీటు పలకలని తెచ్చి బిగించిన కట్టడం. 1972కి అయ్యాయి. 1973 చమురు సంక్షోభంతో ఇళ్లు వెచ్చబెట్టే ఖర్చు పేదవాడికి అందకుండా పోయింది. వెచ్చబెట్టని కాంక్రీటు ఇల్లు చెమరుస్తుంది, నల్ల బూజు పడుతుంది. గోడల మధ్య సందుల్లో బొద్దింకలు. 1974లో ఒక పసివాడు బాల్కనీ నుంచి పడి చనిపోయాడు. కొన్నేళ్లలోనే కౌన్సిల్ అక్కడ పిల్లలున్న కుటుంబాలను ఉంచడం మానేసింది. తొంభైల మొదటి సగంలో అన్నీ కూల్చి తుడిచేశారు. ఇరవై ఏళ్ల పైచిలుకు, అంతే. అప్పు గడువు అరవై అని చెప్పాను గుర్తుందా? కూలిపోయిన ఇళ్లకి ఇంకా దాదాపు నలభై ఏళ్ల వాయిదాలు కట్టాలన్నమాట. ఇంగ్లండ్‌లో చాలా ఊళ్లు లేని భవనాలకి అలా డబ్బు కట్టాయి.

పలకల కట్టడం అంటే ఏమిటో తెలియాలంటే రోనన్ పాయింట్ చదవాలి. తూర్పు లండన్‌లో న్యూహామ్ కౌన్సిల్ కట్టిన 22 అంతస్తుల టవరు. జనం దిగి రెండు నెలలు. 1968 మే 16 తెల్లవారుజామున పద్దెనిమిదో అంతస్తు మూల ఫ్లాటులో ఒకావిడ టీ పెట్టుకోవడానికి స్టవ్ వెలిగించింది, లీకైన గ్యాస్ అంటుకుంది. పేలుడు పెద్దదేం కాదు, ఆవిడ బతికింది. కానీ గోడ పలక బయటికి జారింది. ఆ గోడే పై అంతస్తుల్ని మోస్తోంది. పైనున్న మూల గదులు కిందికి కూలాయి, ఆ బరువుకి కింది అంతస్తుల మూలలు ఒకదాని తర్వాత ఒకటి పోయాయి. నలుగురు చనిపోయారు. కాలమ్, బీమ్ ఫ్రేము ఉన్న భవనంలో ఒక గోడ పోతే ఒక గోడే పోతుంది, ఇక్కడ గోడే కాలమ్. 1986లో ఆ టవరుని విరగ్గొట్టకుండా ముక్క ముక్కగా విప్పారు. పలకల మధ్య జాయింట్లు తెరిచి చూస్తే గట్టిగా నింపాల్సిన చోట మోర్టారు లేదు, కొన్ని చోట్ల పాత వార్తాపత్రికలు కుక్కి ఉన్నాయి. డ్రాయింగు మీద సరిగ్గానే ఉంది. అంతస్తు లెక్కన డబ్బు తీసుకునే గ్యాంగు, వానలో, ఇరవయ్యో అంతస్తులో, ఎవరూ చూడని జాయింట్‌లో ఏం చేస్తుందో డ్రాయింగు చెప్పదు. 1970లో కట్టడ నిబంధనలు మార్చి, ఒకచోట దెబ్బ తగిలితే మొత్తం కూలకుండా ఉండాలని ఐదంతస్తులు, ఆ పైన ఉన్న భవనాలకి షరతు పెట్టారు.

పార్క్ హిల్ నిలబడింది ఎందుకంటే దాని ఫ్రేము సైటులో పోసింది. అయితే దానికీ రోగం వచ్చింది, మెల్లగా వచ్చే రోగం. కాంక్రీటులోని కమ్మీ తుప్పు పట్టకుండా కాపాడేది దాని చుట్టూ ఉండే క్షారం. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏటా కొంచెం కొంచెం లోపలికి పోయి ఆ క్షారాన్ని తినేస్తుంది. కవరింగు (కమ్మీ మీద ఉండే కాంక్రీటు మందం) తక్కువున్న చోట ముందుగా కమ్మీని చేరుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటు పెచ్చుని బయటికి నెడుతుంది. మేం చేసే పరీక్ష చాలా తేలిక. పెచ్చు కొట్టి, దుమ్ము ఊది, ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లుతాం. క్షారం మిగిలిన చోట చిక్కటి గులాబీ రంగు వస్తుంది, పోయిన చోట రంగు రాదు. అంచునుంచి గులాబీ గీత దాకా స్కేలు పెట్టి కొలిస్తే ఎంత లోతు పోయిందో తెలుస్తుంది. కమ్మీ ఆ గీతకి బయట ఉందంటే పని మొదలైనట్టే. ఒక కౌన్సిల్‌లో నేను చూసిన బాల్కనీల్లో కమ్మీకి కవరింగు నా చిటికెనవేలి మందం లేదు. పెచ్చులు ఊడి కింద నడిచేవాళ్ల మీద పడుతున్నాయని వలలు కట్టారు. ఆ వలలు ఏళ్ల తరబడి ఉండిపోయాయి, ఎందుకంటే వలకి డబ్బుంది, కాంక్రీటు రిపేరుకి లేదు.

ఇక్కడే నా వాదన. అప్పు అరవై ఏళ్లకి, సబ్సిడీ అప్పు తీర్చడానికి, అద్దె కూడా చాలావరకు అప్పుకే. ఇరవై ఐదో ఏట లిఫ్టులు మార్చాలి, ముప్పయ్యో ఏట కప్పు, కిటికీలు, కాంక్రీటు, అన్నీ ఒకేసారి వస్తాయి. ఆ ముడుపు ఎక్కడా కట్టలేదు. పార్క్ హిల్‌కి ఆ వయసు వచ్చింది ఎనభైల్లో. సరిగ్గా అప్పుడే షెఫీల్డ్ ఉక్కు కుప్పకూలింది, వేలమందికి పనులు పోయాయి. 1980 చట్టంతో అద్దెదారులకి తమ కౌన్సిల్ ఇల్లు డిస్కౌంటులో కొనుక్కునే హక్కు వచ్చింది. తోటలున్న మంచి ఇళ్లు అమ్ముడుపోయాయి, డెక్కు ఫ్లాట్లు ఎవరూ కొనలేదు. కౌన్సిల్ చేతిలో మిగిలింది ఖరీదైన రిపేర్లున్నవే. ఖాళీ అయిన ఫ్లాట్లలోకి వేరే ఎక్కడా చోటు దొరకనివాళ్లు వచ్చారు. గోడల మీద రాతలు, లిఫ్టుల్లో వాసన, ఇవన్నీ దాని తర్వాతివి. ఆకాశంలో వీధి అన్న ఆలోచన 1961లోనూ అదే, 1985లోనూ అదే. మారింది మిగతాదంతా.

సరే, డెక్కు లోపాలు. ఉన్నాయి. పార్క్ హిల్ డెక్కు మీదకి తలుపులున్నాయి గానీ ఇంట్లో కూర్చుని డెక్కు చూసే కిటికీలు దాదాపు లేవు. వీధిని కాపలా కాసేది అరుగు మీద ముసలమ్మ, వంటింటి కిటికీలోంచి తొంగిచూసే ఇల్లాలు. ఆ చూపు లేకపోతే వీధి పిల్లలదీ దొంగలదీ అవుతుంది. రెండోది, అన్ని బ్లాకుల్నీ వంతెనలతో కలిపేయడం వల్ల ఎవరు ఎక్కడనుంచి వచ్చి ఎక్కడికి పారిపోయినా అడ్డు లేదు. మూడోది షెఫీల్డ్ గాలి, చలి. ఎండ తగలని వైపున్న డెక్కు మీద కుర్చీ వేసుకుని కూర్చునే రోజులు ఏడాదిలో ఎన్నని? మీ ప్రొఫెసరుగారి మాటలో ఇంతవరకు నిజం ఉంది. ఈ మూడూ సరిదిద్దగలిగినవే, చాలావరకు సరిదిద్దారు కూడా.

1998లో పార్క్ హిల్‌ని గ్రేడ్ 2 స్టార్ రక్షిత కట్టడంగా లిస్టు చేశారు, ఇక ఇష్టమొచ్చినట్టు కూల్చడానికి లేదు. తర్వాత అర్బన్ స్ప్లాష్ అనే డెవలపరుకి ఇచ్చారు. మొదటి విడతలో ఇటుకంతా పీకేసి ఫ్రేము మాత్రం ఉంచి, మెరిసే రంగుల అల్యూమినియం పలకలు బిగించారు. దానికి 2013లో బ్రిటన్ ఆర్కిటెక్చర్ బహుమతి స్టర్లింగ్ ప్రైజు తుది జాబితాలో చోటు దొరికింది. 2022లో అయిన తర్వాతి విడతలో ఇటుక ఉంచి, శుభ్రం చేసి, లోపల ఇన్సులేషన్ పెట్టారు. నాకు రెండోదే నచ్చింది, పాత ఇటుకలో రంగుల ఆట పోగొట్టడం అనవసరం. కానీ అసలు బాధ అది కాదు. ఒకప్పుడు 995 ఇళ్లూ కౌన్సిల్ అద్దెవే. ఇప్పుడు ఎక్కువ భాగం అమ్మకానికీ, మార్కెట్ అద్దెకీ, ఒక విడత పూర్తిగా విద్యార్థులకీ. ఫ్రేము బాగుచేసే డబ్బు చివరికి దొరికింది, అయితే అందులో ఉన్నవాళ్ల కోసం దొరకలేదు.

డిసర్టేషన్‌కి నా సలహాలు కొన్ని. "డెక్కు మంచిదా చెడ్డదా" అని పెట్టుకుంటే వందమంది రాసిందే రాస్తారు. పార్క్ హిల్, హైడ్ పార్క్ రెండిటినీ పక్కపక్కన పెట్టి, రిపేర్ల ఖర్చు, ఖాళీ ఫ్లాట్ల సంఖ్య, ఎవరికి ఎలా అలాట్ చేశారు అన్నవి దశాబ్దాల వారీగా పోల్చండి. షెఫీల్డ్ సిటీ ఆర్కైవ్స్‌లో హౌసింగ్ కమిటీ మినిట్స్ అడగండి. మూడో విషయంగా గ్లెడ్‌లెస్ వ్యాలీ చేర్చండి. అదే వోమర్స్‌లీ, అదే కాలం, అంతే ఏటవాలు కొండ, అయితే అక్కడ ఎక్కువగా తోటలున్న చిన్న ఇళ్లు, చెట్లు తియ్యకుండా మెట్లుమెట్లుగా పేర్చినవి. కొండ వాలుకి ఒకే ఆఫీసు ఇచ్చిన రెండు వేర్వేరు జవాబులు ఒకే ఊళ్లో బస్సెక్కి చూడగలిగే అవకాశం మీకుంది. వెళ్లేటప్పుడు మంచి బూట్లు వేసుకోండి, ఆ మెట్లు వానాకాలంలో జారతాయి. కొల్లూరు లిఫ్టుల మెయింటెనెన్స్ ఎవరి పద్దులోంచి నడుస్తోందో మీకు తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే కనుక్కుని ఇక్కడ రాయండి, నాకూ తెలుసుకోవాలనుంది.